మెయిన్ తీరం వెంట కుటుంబంతో తొమ్మిది రోజులు: ఆటుపోట్ల పట్టికతో మొదలుపెట్టే మార్గదర్శి

మొదటిసారి అమెరికా ఈశాన్య కొసలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న బార్ హార్బర్ వెళ్లినప్పుడు ఊళ్లో బ్రిడ్జ్ స్ట్రీట్ చివరిదాకా వెళ్లి కారు దిగాం. ఎదురుగా బార్ ఐలండ్ అనే చిన్న దీవి కనిపిస్తోంది. దానికి సముద్రం మధ్యలోంచి నడిచి వెళ్లొచ్చని పిల్లలకు దారి పొడవునా ఊరిస్తూ వచ్చాను. తీరా చూస్తే అక్కడ దారి లేదు, నీళ్లున్నాయి. "నాన్నా, దారేదీ?" అన్నాడు మావాడు. ఆ రాళ్ల దారి లో టైడ్ (నీళ్లు బాగా వెనక్కి పోయే ఆటు) చుట్టూ మూడు గంటలు మాత్రమే తేలుతుందని ఆ సాయంత్రం మోటెల్ గోడ మీద అంటించిన కాగితం చూశాక తెలిసింది. మర్నాడు పొద్దున్నే మా తిరుగు ప్రయాణం.

రెండేళ్ల తర్వాత మా అత్తయ్య గారిని, మామయ్య గారిని కూడా తీసుకుని మళ్లీ వెళ్లాం. ఈసారి హోటళ్ల కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూశాను. అంత తేడా వస్తుందని నేనే అనుకోలేదు. న్యూజెర్సీ, బోస్టన్, కనెటికట్ వైపు ఉన్న తెలుగు కుటుంబాల్లో ఎవరైనా మెయిన్ వెళ్తున్నామంటే నేను చెప్పే మొదటి మాట అదే: ఈ తీరాన్ని మైళ్లతో కొలిచి ప్లాన్ వేయకండి, నీళ్లు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో చూసి వేయండి.

మొదటి అడుగు: నెల తేల్చుకోండి

పిల్లల బడి సెలవులను బట్టి మనకు జూన్ చివరి వారం నుంచి ఆగస్టు చివరిదాకా సమయం ఉంటుంది. అందులో నా ఓటు ఆగస్టు మధ్యకే. మే, జూన్‌లలో నల్లటి చిన్న ఈగలు చెవుల వెనక, మెడ మీద కుడతాయి. అక్కడివాళ్లు వాటి కాలాన్ని మదర్స్ డే నుంచి ఫాదర్స్ డే దాకా అని గుర్తు పెట్టుకుంటారు. జూన్, జూలైల్లో పొగమంచు ఎక్కువ. దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి తేమగాలి చల్లటి సముద్రం మీదికి వచ్చేసరికి మంచుగా మారి తీరమంతా కప్పేస్తుంది. ఆగస్టుకు అది కొంత తగ్గుతుంది, అడవి బ్లూబెర్రీలు కూడా కోతకొస్తాయి. పఫిన్ పక్షులను చూడాలంటే మాత్రం ఆగస్టు మొదటి వారం దాటనివ్వకండి, ఆ తర్వాత అవి గూళ్లు వదిలి సముద్రంలోకి వెళ్లిపోతాయి.

ఇంకా బడికి వెళ్లని చిన్నపిల్లలున్నవారికి సెప్టెంబరు చాలా బాగుంటుంది. ఆకులు రంగులు మారడం చూడాలనుకుంటే ఈ తీరంలో అక్టోబరు మధ్య వారం. కానీ ఆ నెల దాటితే చాలా మోటెళ్లు, తినే చోట్లు మూసేస్తారు. బార్ హార్బర్ పక్కనే ఉన్న అకేడియా నేషనల్ పార్కు లూప్ రోడ్డులో చాలా భాగం డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా కార్లకు బంద్.

రెండో అడుగు: ఆటుపోట్ల పట్టిక ముందు పెట్టుకోండి

నేను వైజాగ్‌లో పెరిగాను. అక్కడ పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా మీటరు, మీటరున్నర. సముద్రం కొంచెం ముందుకొస్తుంది, కొంచెం వెనక్కి పోతుంది, అంతే. మెయిన్‌లో అలా కాదు. పోర్ట్‌లాండ్ దగ్గర సగటున తొమ్మిది అడుగులు, బార్ హార్బర్ దగ్గర పది, పదకొండు. ఇంకా తూర్పుకు, కెనడా సరిహద్దులోని లుబెక్ దగ్గరకు పోతే పద్దెనిమిది, ఇరవై అడుగులు. ఫండీ అఖాతం, మెయిన్ సింధుశాఖ కలిసి ఒక పెద్ద తొట్టిలా పనిచేస్తాయి. ఆ తొట్టిలో నీళ్లు ఊగే లయ, చంద్రుడు లాగే లయ దాదాపు ఒకటే కావడం వల్ల ప్రతిసారీ ఊపు పెరుగుతుంది. అందుకే పొద్దున నీళ్లలో తేలుతున్న పడవ మధ్యాహ్నానికి బురదలో పక్కకు ఒరిగి కనిపిస్తుంది.

పట్టిక అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పోర్ట్‌లాండ్, బార్ హార్బర్, ఈస్ట్‌పోర్ట్, ఈ మూడు చోట్లవీ మీరు వెళ్లే తేదీలకు తీసి ప్రింట్ చేసుకోండి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. మర్నాటికి అదే సమయం ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ, ఆటు కూడా లోతుగా పోతుంది. ఈ తీరంలో ఆ రోజుల్లో హై టైడ్ మధ్యాహ్నం పన్నెండు దగ్గర పడుతుంది, లో టైడ్ పొద్దున్నా సాయంత్రమూ ఆరు ప్రాంతంలో. అష్టమి దగ్గర రోజుల్లో తిరగబడి లో టైడ్ మిట్టమధ్యాహ్నానికి వస్తుంది. చిన్నపిల్లలతో వెళ్లేవారికి అష్టమి చుట్టుపక్కల రోజులు హాయి. తొమ్మిది, పది గంటలకు నిదానంగా టిఫిన్ తిని బయల్దేరినా సముద్రం ఖాళీగానే ఉంటుంది. మేం రెండోసారి అకేడియాలో ఉండే మూడు రోజులను అత్తయ్య గారు క్యాలెండర్‌లో తిథి చూసి ఖాయం చేశారు.

ఒక రోజు లెక్క ఎలా వేస్తానో చూడండి. బార్ హార్బర్‌లో లో టైడ్ 11:40కి అనుకుందాం. బార్ ఐలండ్ దారి ఆటుకు గంటన్నర ముందు తేలి, గంటన్నర తర్వాత మునుగుతుంది. అంటే 10:10 నుంచి 1:10 దాకా. మనం 10:30కి దిగి, 12:40కల్లా ఊరి ఒడ్డుకు వచ్చేయాలి. చివరి అరగంట ఎప్పుడూ వాడకూడదు. ఆలస్యమైతే తర్వాతి ఆటు దాకా దీవి మీదే కూర్చోవాలి. కారును ఆ రాళ్ల మీదికి దింపకండి. అలా దింపి పోటులో పోగొట్టుకున్నవాళ్లు ఏటా ఉంటారు. అదే రోజు హై టైడ్ సాయంత్రం ఆరుకు కాస్త ముందు. థండర్ హోల్ అనే రాతి చీలికలోకి అల దూరి ఉరిమినట్టు మోగేది పోటుకు గంట, రెండు గంటల ముందు. కాబట్టి నాలుగున్నరకు అక్కడ ఉండాలి. మధ్యలో భోజనం, చిన్నదానికి నిద్ర. రోజంతా దానంతటదే కుదిరింది, ఎక్కడా పరుగు లేదు.

మూడో అడుగు: వేళ్లలో రెండో మూడో ఎంచుకోండి

మెయిన్ తీరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా కొలిస్తే 228 మైళ్లు. అఖాతాలు, వంపులు అన్నీ కలిపి కొలిస్తే 3,478 మైళ్లు. మ్యాపు చూస్తే అర్థమవుతుంది. చేతివేళ్లు చాపినట్టు భూమి సన్నటి ముక్కలుగా సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. యూఎస్ రూట్ 1 ఆ వేళ్ల మొదట్లోంచి పోతుంది. చాలా లైట్‌హౌస్‌లు వేళ్ల కొసల్లో ఉంటాయి. బూత్‌బే హార్బర్ నుంచి పెమక్విడ్ పాయింట్‌కు నీటి మీద పది మైళ్లు కూడా ఉండదు. కారులో అయితే ఒక వేలు పైకెక్కి, ఇంకో వేలు దిగి, ముప్పై మైళ్ల దాకా పోవాలి. ముప్పావు గంట పైనే పడుతుంది.

మొదటి ట్రిప్పులో నేను చేసిన తప్పు ఇదే. రెండు రోజుల్లో ఆరు లైట్‌హౌస్‌లు అని రాసుకున్నాను. వాటిలో నాలుగు లైట్‌హౌస్‌ల దగ్గర పిల్లలు నిద్రలో ఉన్నారు.

కుటుంబంతో అయితే పోర్ట్‌లాండ్‌కూ అకేడియాకూ మధ్య రెండు వేళ్లు చాలు. నేను బూత్‌బే, పెమక్విడ్ చెబుతాను. బూత్‌బేలో కోస్టల్ మెయిన్ బొటానికల్ గార్డెన్స్ ఉంది. డేనిష్ కళాకారుడు థామస్ డాంబో పాత చెక్కతో చేసిన అయిదు పెద్ద ట్రోల్ (జానపద కథల్లోని రాక్షసుల) బొమ్మలు ఆ తోట అడవిలో అక్కడక్కడా ఉంటాయి. మ్యాపు పట్టుకుని వాటిని వెతుక్కుంటూ తిరగడం పిల్లలకు పెద్ద ఆట. పెమక్విడ్‌లో లైట్‌హౌస్ కింద చారలు చారలుగా సముద్రంలోకి జారే రాతి పలకలు ఉంటాయి. 2003లో మెయిన్ రాష్ట్రం పేరిట వచ్చిన పావు డాలరు నాణెం మీద ఉన్నది ఆ లైట్‌హౌసే. ఆ నాణెం ఒకటి ముందే వెతికి పిల్లాడి జేబులో వేయండి. దాన్ని పైకెత్తి పట్టుకుని ఎదురుగా ఉన్నదానితో పోల్చి చూసుకుంటున్నప్పుడు మావాడి ముఖం చూడాలి!

పఫిన్లు కావాలంటే ఇక్కడే. ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే దీవిలో వేట వల్ల ఈ పక్షులు పూర్తిగా పోయాయి. 1973లో స్టీఫెన్ క్రెస్ అనే శాస్త్రవేత్త న్యూఫౌండ్‌లాండ్ నుంచి పఫిన్ పిల్లలను తెచ్చి పెంచడం మొదలుపెట్టాడు. ఎదిగి సముద్రంలోకి పోయిన పక్షులు మళ్లీ ఆ దీవికి రావాలని చెక్క పఫిన్ బొమ్మలు నిలబెట్టాడు. ఇప్పుడక్కడ అవి గుడ్లు పెడుతున్నాయి. న్యూ హార్బర్, బూత్‌బే హార్బర్‌ల నుంచి పడవలు వెళ్తాయి. ఈ కథ పిల్లలకు ముందు రోజు రాత్రి చెప్పి తీసుకెళ్తే నీళ్ల మీద తేలే చిన్న చుక్కలకు కూడా అర్థం ఉంటుంది. కారులో కడుపు తిప్పే పిల్లలుంటే పడవ ఎక్కే ముందు డాక్టరు చెప్పిన మాత్ర వేయండి, కడుపునిండా తినిపించకండి.

నాలుగో అడుగు: బుకింగులు, ఏది ఎప్పుడు

అకేడియా పార్కుకు కారుకు ఏడు రోజుల పాస్ 35 డాలర్లు. ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లలుంటే ఫోర్త్ గ్రేడ్ పాస్ ఉచితంగా వస్తుంది, మర్చిపోకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఒక కొత్త విషయం: 2026 జనవరి నుంచి అకేడియాతో కలిపి 11 పార్కుల్లో, వార్షిక పాస్ లేని విదేశీ సందర్శకులకు, 16 ఏళ్లు నిండినవారికి, తలకు 100 డాలర్లు అదనం. కారులో ఎవరెవరు ఉన్నారో చూసుకుని, ఏ పాస్ కొంటే ఎంతవుతుందో పార్కు సైట్‌లో లెక్క చూశాకే కొనండి.

కాడిలాక్ కొండ మీదికి కారులో వెళ్లాలంటే పార్కు పాస్ కాకుండా ఇంకో రిజర్వేషన్ కావాలి. మే చివరి నుంచి అక్టోబరు చివరిదాకా ఈ నియమం. కారుకు 6 డాలర్లు. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో 30 శాతం టికెట్లు 90 రోజుల ముందు, మిగతా 70 శాతం రెండు రోజుల ముందు, ఈస్టర్న్ టైమ్ ఉదయం 10 గంటలకు వదులుతారు. 90 రోజుల ముందు దొరకకపోతే టెన్షన్ పడకండి. రెండు రోజుల ముందు ఆకాశం ఎలా ఉంటుందో తెలుసుకుని తీసుకోవడమే నిజానికి మంచిది. పొగమంచులో కొండెక్కితే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. టికెట్‌ను ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. గేటు దగ్గర సిగ్నల్ వస్తుందని నమ్మకం లేదు.

సూర్యోదయం టికెట్టే అందరూ కోరుకుంటారు. 1,530 అడుగుల ఈ కొండ మీద అక్టోబరు 7 నుంచి మార్చి 6 దాకా అమెరికా మొత్తంలో సూర్యుడు మొదట కనిపిస్తాడు. వేసవిలో ఆ ఘనత వేరే చోట్లది. అయిదేళ్ల పిల్లలను తెల్లవారుజామున మూడున్నరకు లేపి చలిగాలిలో నిలబెట్టడం కంటే పగటి టికెట్ తీసుకోండి. సముద్రంలో సూర్యోదయమే కావాలంటే శాండ్ బీచ్ నుంచి ఓటర్ పాయింట్ దాకా సాగే ఓషన్ పాత్ మీద ఏ రిజర్వేషనూ లేకుండా చూడొచ్చు.

బస విషయం జనవరి, ఫిబ్రవరిల్లోనే తేల్చేయండి. మూడు చోట్ల బస చాలు: పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఒక రాత్రి, బూత్‌బే లేదా డామరిస్‌కోటా దగ్గర రెండు, అకేడియా దగ్గర నాలుగు. తిరుగు దారిలో ఒక రాత్రి న్యూహాంప్‌షైర్ సరిహద్దు దాటాక ఎక్కడైనా సరిపోతుంది. బార్ హార్బర్ ఊళ్లో కంటే ట్రెంటన్, ఎల్స్‌వర్త్‌లలో తక్కువకు దొరుకుతాయి, కానీ పొద్దున బార్ హార్బర్, అకేడియా ఉన్న మౌంట్ డెజర్ట్ దీవిలోకి పోయే ఒకే ఒక్క వంతెన దగ్గర కార్ల వరుస ఉంటుంది. పెద్దవాళ్లు ఉంటే నేను డబ్బు కంటే దూరమే చూస్తాను. హౌస్‌కీపింగ్ కాటేజీ అని రాసి ఉన్నవి వెతకండి. చిన్న పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. చాలావాటిని వేసవిలో వారం లెక్కన శనివారం నుంచి శనివారం దాకే ఇస్తారు. మన నాలుగు రాత్రులకు ఒప్పుకుంటారో లేదో ఫోన్ చేసి అడగండి.

అయిదో అడుగు: కాగితాలు

ఈ తీరం కెనడా సరిహద్దుకు దగ్గర. అమెరికా పౌరులు కానివారు, 18 నిండినవారు, గ్రీన్‌కార్డు లేదా ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు కాగితం) ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనేది చట్టం. మెయిన్ హైవేల మీద బోర్డర్ పెట్రోల్ అప్పుడప్పుడూ కార్లు ఆపి అడుగుతుంది. మీ పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు, అమ్మానాన్నల ప్రయాణ బీమా కాగితం, వాళ్ల మందుల చీటీ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ముందు సీటు అరలో ఉంచండి.

లుబెక్ ఊరి చివర ఉన్న వంతెన దాటితే కెనడా. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేసవి ఇల్లు ఉన్న కాంపొబెల్లో దీవి అటువైపే. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే చాలు. వీసా పరిస్థితి ఏమాత్రం అనుమానంగా ఉన్నా ఆ వంతెన ఎక్కకండి. జీపీఎస్ పొరపాటున అటు తిప్పినా తిప్పుతుంది.

ఆరో అడుగు: కారు, సామాను, వంట

ఆరుగురైతే మినీవ్యాన్ తప్ప ఇంకేదీ వద్దు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కారు సీటో బూస్టరో తప్పనిసరి, డ్రైవర్ చేతిలో ఫోన్ ఉండకూడదు. ఎల్స్‌వర్త్ దాటి తూర్పుకు పోయే రోజు ట్యాంకు నింపుకోండి. ఎలక్ట్రిక్ కారైతే అక్కడే పూర్తిగా చార్జ్ చేసుకోండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

ఆగస్టు అయినా ఒక్కొక్కరికి ఒక ఫ్లీస్, ఒక గాలిచొక్కా, ఊలు టోపీ ఉండాలి. సముద్రం పక్కన సాయంత్రం చలి కొడుతుంది. శాండ్ బీచ్‌లో నీటి ఉష్ణోగ్రత వేసవిలోనూ 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం అరుదు. మావాళ్లు మోకాళ్ల దాకా దిగి అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చేశారు. రాళ్ల మీద నడవడానికి పట్టున్న బూట్లు కావాలి. చెప్పులు, శాండళ్లు కారులోనే ఉంచండి.

ఇక వంట. పోర్ట్‌లాండ్ దాటాక మన కిరాణా దొరుకుతుందని లెక్క పెట్టుకోవద్దు. మేం తీసుకెళ్లినవి: చిన్న రైస్ కుక్కర్, అయిదు కిలోల బియ్యం, కందిపప్పు, ఆవకాయ, గోంగూర, కరివేపాకు పొడి, డబ్బాలో వేయించి పెట్టుకున్న పులిహోర తాలింపు, మొదటి రోజుకు చపాతీలు. ఆ తాలింపు డబ్బా చాలా పని చేసింది. అన్నం కుక్కర్‌లో ఉడికాక పసుపు, తాలింపు, నిమ్మరసం కలిపితే పది నిమిషాల్లో పొద్దుటి పొట్లాలు సిద్ధం. మోటెల్ గదిలో నూనె కాచి పోపు వేయకండి. స్మోక్ అలారం మోగితే గదులన్నీ ఖాళీ చేయిస్తారు. పెరుగు, కూరగాయలు, పాలు ఎల్స్‌వర్త్ సూపర్‌మార్కెట్లలో కొనుక్కోవచ్చు.

శాకాహారులు గట్టిగా అడగాల్సినవి మూడు. క్లామ్ చౌడర్ అనే ఆల్చిప్పల సూప్‌లో చాలాచోట్ల పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. బ్లూబెర్రీ పై పిండిలో పందికొవ్వు ఉండొచ్చు. అకేడియాలోని జోర్డాన్ పాండ్ అనే కొలను దగ్గర పేరుపొందిన పాపోవర్ రొట్టెలో గుడ్డు ఉంటుంది. మాంసాహారులకు మాత్రం ఇది పండగ. ట్రెంటన్ దారిలో రోడ్డు పక్కనే కట్టెల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంగాళాల్లో సముద్రపు నీళ్లు మరుగుతుంటాయి, అందులో లాబ్‌స్టర్లు ఉడికిస్తారు. వేసవి మధ్య నుంచి కొత్త పెంకువి వస్తాయి. వాటిలో మాంసం కొంచెం తక్కువ, కానీ తియ్యన. పెంకు చేత్తోనే విరుగుతుంది కాబట్టి పిల్లలకు అదే తీసుకోండి. కరిగించిన వెన్నతో ఇస్తారు. మామయ్య గారు జేబులోంచి కారప్పొడి పొట్లం తీసి వెన్నలో కలిపారు. ఆ తర్వాత మా బల్ల దగ్గర ఎవ్వరూ వెన్న విడిగా తినలేదు.

ఏడో అడుగు: రోజుల వరుస

శనివారం తెల్లవారుజామున ఎడిసన్ లాంటి చోటి నుంచి బయల్దేరితే పోర్ట్‌లాండ్ 340 మైళ్ల దాకా ఉంటుంది. మధ్యలో ఆగంక్విట్‌లో మార్జినల్ వే అనే సముద్రపు కాలిబాట ఉంది. గట్టి బాట వేసి ఉంది, బెంచీలున్నాయి, పెద్దవాళ్లు హాయిగా నడుస్తారు. మెయిన్ టర్న్‌పైక్ మీద మన ఈజీపాస్ పని చేస్తుంది.

ఆదివారం పొద్దున్నే పోర్ట్‌లాండ్ హెడ్ లైట్. జార్జ్ వాషింగ్టన్ కాలంలో, 1791లో మొదట వెలిగింది. తర్వాత ఫ్రీపోర్ట్‌లో ఎల్.ఎల్. బీన్ దుకాణం. 1951 నుంచి రాత్రింబవళ్లు తెరిచి ఉంచుతున్న చోటు అది. రెయిన్ కోటు మర్చిపోయినవాళ్లు అక్కడ కొనుక్కోండి. ఆపై విస్కాసెట్ వంతెన దాటాలి. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ కార్లు కదలవు. ఫ్రీపోర్ట్‌లో ఎక్కువసేపు గడిపి సాయంత్రం దాటడం మంచిది.

సోమవారం తోట, ట్రోల్స్, పెమక్విడ్, లేదా పఫిన్ పడవ. అన్నీ ఒకేరోజు పెట్టకండి.

మంగళవారం రాక్‌లాండ్ దగ్గర గ్రానైట్ బండలు పేర్చి సముద్రంలోకి ముప్పావు మైలుకు పైగా కట్టిన అడ్డుకట్ట ఉంది. కొసన లైట్‌హౌస్. బండల మధ్య సందులుంటాయి కాబట్టి చంటిపిల్లలను నడిపించవద్దు. కామ్డెన్‌లో బ్యాటీ కొండ పైదాకా కారు వెళ్తుంది, మోకాళ్ల నొప్పులున్నవారికి వరం. తర్వాత పెనాబ్‌స్కాట్ నారోస్ వంతెన. దాని స్తంభం లోపల లిఫ్టు ఎక్కితే 420 అడుగుల ఎత్తు నుంచి నది, సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. సాయంత్రానికి అకేడియా చేరతారు.

బుధ, గురువారాలు అకేడియా. కారు బసలోనే వదిలేయండి. జూన్ చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా ఐలండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఉచితంగా తిరుగుతాయి. శాండ్ బీచ్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, బస్సుకు ఆ బాధ లేదు. జోర్డాన్ పాండ్ చుట్టూ పిల్లలతో, రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా వేయించిన క్యారేజ్ రోడ్ల మీద పెద్దవాళ్లతో నడవండి. 45 మైళ్ల ఆ దారుల్లో కార్లు రావు, ఎగుడుదిగుళ్లు తక్కువ. వర్షం పడితే బార్ హార్బర్‌లో ఆబీ మ్యూజియం చూడండి. ఈ తీరం తరతరాలుగా ఇక్కడి ఆదివాసులైన వబనాకీ ప్రజలది, వాళ్ల బుట్టల అల్లిక అక్కడ దగ్గరగా కనబడుతుంది.

లో టైడ్ గంటలో ఒక పని తప్పకుండా చేయించండి. రాళ్ల గుంటల్లో పెరివింకిల్ అనే చిన్న నత్తలుంటాయి. ఒకటి తీసి, తడి అరచేతిలో బోర్లా కాకుండా వెల్లకిలా పట్టుకుని, దాని దగ్గర నోరు మూసి సన్నగా కూనిరాగం తీయాలి. ఆ కదలికకు నత్త బయటికొస్తుందని అక్కడి పిల్లలందరికీ తెలుసు. మా పాప రాగం తీసింది, రాలేదు. అత్తయ్య గారు గుంట పక్కన కూర్చుని, పాప చేతిని తన చేతుల్లోకి తీసుకుని, దాన్ని నిద్రపుచ్చేటప్పుడు పాడే జోలపాట పెదవులు కదపకుండా గొంతులోనే పాడారు. ముందు గోధుమరంగు మూత పక్కకు జరిగింది. తర్వాత బూడిదరంగు తల, దారప్పోగుల్లాంటి రెండు మీసాలు. "అమ్మమ్మా, ఆపకు" అని పాప గుసగుసగా అంది. చూశాక ఏ గుంటలోంచి తీశామో అందులోనే వదిలేశాం.

శుక్రవారం పిల్లల వయసును బట్టి. ఎనిమిదేళ్లు దాటినవారైతే లుబెక్. రెండుంపావు గంటల దూరం. ఎర్ర తెల్ల చారల వెస్ట్ క్వాడీ హెడ్ లైట్‌హౌస్ దగ్గర అమెరికా ప్రధాన భూభాగపు తూర్పు కొస. కెనడా టవర్ సిగ్నల్ అందుకుని ఫోన్ గడియారం గంట ముందుకు దూకుతుంది. ఆటుపోట్ల సమయానికి చేతి గడియారమే నమ్మండి. చిన్నపిల్లలైతే స్కూడిక్ ద్వీపకల్పం చాలు. గంట దూరం, అకేడియాలో భాగమే, జనం బాగా తక్కువ.

ఎనిమిదో అడుగు: ఈ మూడు భయాలను తేలిగ్గా తీసుకోకండి

అల. 2009 ఆగస్టులో బిల్ తుఫాను దూరంగా సముద్రంలోనే సాగిపోయింది, ఒడ్డున ఎండ కాస్తోంది. థండర్ హోల్ దగ్గర అలలు చూడటానికి నిలబడ్డవారిని ఒక అల లాగేసింది, ఏడేళ్ల పాప చనిపోయింది. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చిందనే. ఎండిన రాయి మీద, కంచె ఇవతలే ఉండండి. రాయి మీద నల్లగా కనబడే భాగం పాచి, గాజుకంటే జారుతుంది.

పిడుదులు. ఇక్కడ టిక్స్ అంటారు. లైమ్ జబ్బు తెచ్చేవి గసగసం గింజంత ఉంటాయి. నడక నుంచి వచ్చాక పిల్లల చెవుల వెనక, జుట్టు మొదళ్లు, చంకలు, మోకాళ్ల వెనక రోజూ చూడండి. కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగేయండి. 24 గంటల్లోపు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. తర్వాత దద్దురు, జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి.

చీకటి. లుబెక్ నుంచి తిరిగొచ్చే రోడ్డు మీద మసక వెలుగులో జింకలు, మూస్‌లు (చాలా పెద్ద దుప్పి జాతి జంతువులు) అడ్డంగా వస్తాయి. మూస్ కాళ్లు పొడుగు. హెడ్‌లైట్ వెలుగు దాని పొట్ట కిందినుంచే పోతుంది, దగ్గరికొచ్చేదాకా కనబడదు. సూర్యుడు దిగకముందే బసకు చేరేలా లుబెక్‌లో బయల్దేరండి.

శనివారం పెందలాడే బయల్దేరి, దారిలో ఎక్కడైనా రాత్రి ఆగి, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు. ఎల్స్‌వర్త్ వైపు రోడ్డు పక్క బల్లల మీద అడవి బ్లూబెర్రీలు అమ్ముతారు. కొన్నిచోట్ల మనిషి కూడా ఉండరు, డబ్బాలో డబ్బు వేసి తీసుకోవాలి, అందుకే చిల్లర ఉంచుకోండి. కూలర్‌లో ఐసు మీద పెట్టి తెచ్చి, ఇంట్లో కడగకుండానే పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక సంచుల్లో వేస్తే ఒకదానికొకటి అంటుకోవు. మా ఇంట్లో సంక్రాంతి దాకా వస్తాయి.